ఎర్రర్ లైను దగ్గర మొదలుపెట్టండి: డెవలపర్ టూల్స్‌కు రూపం దిద్దే పద్ధతి

డెవలపర్లు తమ టూల్ స్క్రీన్‌ను నిజంగా కళ్లు పెట్టి చదివేది పని ఆగిపోయినప్పుడే. అంతా సవ్యంగా నడుస్తున్నంతసేపూ బిల్డ్ అవుట్‌పుట్ ఎవరికీ పట్టదు. టెస్ట్ ఫెయిలైన మరుక్షణం టూల్ రాసిన ప్రతి అక్షరానికీ విలువ వస్తుంది. చదివేవాళ్లు అప్పటికే అలసి ఉంటారు, తొందరలో ఉంటారు, టూల్ రాసినవాళ్లకు తెలిసిన లోపలి సంగతులేవీ వాళ్లకు తెలియవు. రంగులు, ఐకాన్లు, థీమ్‌లు ముఖ్యమే గానీ ముందుగా చేయి పెట్టాల్సింది ఎర్రర్ మెసేజ్ మీద. కింద రాసిన పద్ధతి ఆ వరసలోనే సాగుతుంది. కమాండ్ లైన్ టూల్, ఎడిటర్ ప్లగిన్, టీమ్ లోపల వాడుకునే డాష్‌బోర్డు, ఏది కడుతున్నా పనికొస్తుంది. టీమ్‌లో డిజైనర్ లేకపోయినా చేసుకోవచ్చు.

ఎర్రర్లన్నిటినీ ఒక పట్టికలోకి తెండి

కోడ్‌లో ఎర్రర్ బయటికి వచ్చే చోట్లన్నీ వెతికి స్ప్రెడ్‌షీట్‌లో నాలుగు కాలమ్‌లు పెట్టండి. మెసేజ్ యథాతథంగా ఒకటి, అది ఎప్పుడు వస్తుందో ఒకటి, అప్పుడు వాడేవాళ్లు ఏం చేయాలో ఒకటి, ఆ చేయాల్సిన పని మెసేజ్‌లో ఉందో లేదో చివరిది. తర్వాత ఒక్కో ఎర్రర్‌ను కావాలనే రప్పించి స్క్రీన్‌షాట్ తీయండి. ఈ రెండో పని మానేయకండి. కోడ్‌లో చదివినప్పుడు చక్కగా ఉన్న వాక్యం, తన ముందు 40 లైన్ల స్టాక్ ట్రేస్ (ఒకదాన్నొకటి పిలిచిన ఫంక్షన్ల జాబితా) వేసుకుని స్క్రీన్ మీదికి వచ్చేసరికి కంటికి ఆనకుండా పోతుంది.

మూడో కాలమ్ ఖాళీగా మిగిలిన వరుసల మీదే ముందు పని చేయాలి. టూల్ రాసిన మీకే ఏం చేయాలో తోచకపోతే, వాడేవాళ్లకు తోచే దారి లేదు. చాలాసార్లు అక్కడ కావాల్సింది మెసేజ్ మార్పు కూడా కాదు, ఆ ఎర్రర్ రాకుండా టూలే సర్దుకోవడం. ఫోల్డర్ లేదని ఆగిపోయే బదులు ఫోల్డర్ తనే తయారు చేసుకోవచ్చు.

మంచి ఎర్రర్ నాలుగు ప్రశ్నలకు జవాబిస్తుంది: ఏమైంది, ఎక్కడ, ఎందుకు, ఇప్పుడేం చేయాలి. ఒక డిప్లాయ్ టూల్ సెట్టింగుల ఫైల్‌ను చదువుతోందనుకోండి. చాలా టూల్స్ ఇంతటితో ఆపేస్తాయి:

ఎర్రర్: సెట్టింగుల ఫైల్ చెల్లదు

ఫైల్ ఎంత పొడవుందో, ఏ లైనులో తప్పుందో తెలియదు. అదే ఎర్రర్‌ను ఇలా రాయొచ్చు:

ఎర్రర్: టైమౌట్‌కు సంఖ్య ఇవ్వాలి, ఇక్కడ అక్షరం కలిసిన విలువ ఉంది
డిప్లాయ్.యామల్, లైను 14
14 | టైమౌట్: "30సె"
ఇలా రాయండి → టైమౌట్: 30
విలువను సెకన్లలో లెక్కిస్తాం.

ఇందులో మొదటి లైను ఒక్కటే చదివినా సగం సంగతి తెలుస్తుంది. లైను నంబరుతో పాటు ఆ లైనునే చూపించడం వల్ల ఫైల్ తెరవకుండానే తప్పు కనిపిస్తుంది. సరైన రూపం కాపీ చేసుకునేలా ఉంది. "చెల్లదు", "విఫలమైంది" లాంటి మాటలు మెసేజ్‌లో ఒంటరిగా కనిపిస్తే ఆ మెసేజ్ పూర్తి కాలేదనే అర్థం. ఫైల్ దారి, లైను, కాలమ్‌ల మధ్య ఖాళీలు లేకుండా కోలన్లు పెట్టి ఒకే ముక్కగా రాస్తే చాలా టెర్మినళ్లలో, ఎడిటర్లలో అది క్లిక్ చేయగల లింకు అవుతుంది. పైసా ఖర్చు లేకుండా వచ్చే మేలు ఇది.

ఈ విషయంలో కంపైలర్ల లోకం దారి చూపింది. ఎల్మ్ భాష కంపైలర్ 2015లో తన ఎర్రర్లను మాట్లాడే వాక్యాల్లా తిరగరాసింది. రస్ట్ 2016లో 1.12 వెర్షన్‌తో కొత్త ఎర్రర్ రూపాన్ని తెచ్చింది. రస్ట్ పద్ధతిలో గమనించాల్సింది రెండు రకాల గుర్తులు. తప్పు జరిగిన చోట ఎర్ర గీత, ఆ తప్పుకు కారణమైన చోట నీలం గీత. ఎర్ర గీత "ఏమైంది" చెబుతుంది, నీలం గీత "ఎందుకు" చెబుతుంది. ఒక వేరియబుల్ 9వ లైనులో చేతులు మారిపోయి, 15వ లైనులో మళ్లీ వాడబడితే రెండు లైన్లూ పక్కపక్కనే కనిపిస్తాయి. మీ టూల్‌లో కూడా కారణం ఒకచోట, ఫలితం ఇంకోచోట ఉండే ఎర్రర్లు ఉంటే రెండిటినీ ఒకే మెసేజ్‌లో చూపండి. ఇంకా వివరం కావాల్సిన వాళ్ల కోసం రస్ట్ చాలా ఎర్రర్లకు ఒక కోడ్ ఇస్తుంది, ఎక్స్‌ప్లెయిన్ ఫ్లాగ్‌తో ఆ కోడ్ ఇస్తే ఉదాహరణతో సహా వివరణ చూపిస్తుంది. కోడ్ వల్ల ఇంకో లాభం కూడా ఉంది. మెసేజ్‌లో మాటలు మార్చినా వెతికేవాళ్లకు పాత చర్చలు దొరుకుతాయి.

గొలుసు ఎర్రర్లు, చేతి తప్పులు, బాణం తప్పిన కాలమ్

ఒక బ్రాకెట్ మరిచిపోతే 80 ఎర్రర్లు రావడం అందరూ చూసిందే. అసలు కారణం మొదటి ఎర్రర్, మిగతావన్నీ దాని వెంట వచ్చినవి. కానీ టెర్మినల్‌లో కంటికి దగ్గరగా మిగిలేది చివరి లైను, మొదటి ఎర్రర్ పైకి జరిగి కనుమరుగవుతుంది. క్లాంగ్ కంపైలర్ మామూలుగా 20 ఎర్రర్లు దాటితే ఆగిపోతుంది. మీరు కూడా ఒక హద్దు పెట్టుకోండి. ఒక ఎర్రర్ వల్ల ఇంకోటి వచ్చిందని టూల్‌కు తెలిసే చోట రెండోదాన్ని అణచిపెట్టండి. అవుట్‌పుట్ చివర ఒక్క లైను సారాంశం వేయండి: ఎన్ని ఎర్రర్లు, మొదటిది ఏ ఫైల్‌లో, ఏ లైనులో.

కమాండ్ పేరు తప్పుగా కొడితే దగ్గరి పేరు సూచించడం ఇప్పుడు అందరూ ఆశించేదే. రెండు పదాల మధ్య ఎన్ని అక్షరాలు మార్చాలో లెక్కేసి, ఆ తేడా పదం పొడవులో మూడో వంతు లోపు ఉంటేనే సూచించండి. హద్దు వదులుగా పెడితే సంబంధం లేని పేర్లు వచ్చి టూల్ మీద నమ్మకం పోతుంది. సూచించడంతో ఆపండి, సూచించిన కమాండ్‌ను టూల్ తనంతట తాను నడపకూడదు. డిలీట్ చేసే కమాండ్‌ను పొరపాటున ఊహించుకుంటే దిద్దుకునే అవకాశం ఉండదు.

ఇక కాలమ్ లెక్క. తప్పు ఉన్న చోట కింద బాణం గుర్తు వేసే టూల్స్ చాలావరకు ఇంగ్లిష్ అక్షరాలతోనే పరీక్షించి వదిలేసినవి. ఒక స్ట్రింగ్‌లో "క్షి" అని రాసి చూడండి. కంటికి అది ఒకే అక్షరం. యూనికోడ్‌లో క, పొల్లు, ష, గుడి అని నాలుగు కోడ్ పాయింట్లు, అంటే యూనికోడ్ ఒక్కో గుర్తుకు ఇచ్చిన సంఖ్యలు. యూటీఎఫ్-8లో 12 బైట్లు. బైట్లు లెక్కపెట్టే టూల్ బాణాన్ని 12 గడులు జరుపుతుంది, కోడ్ పాయింట్లు లెక్కపెట్టేది నాలుగు జరుపుతుంది, టెర్మినల్ తనకు తోచినన్ని గడులు వాడుతుంది. మూడూ కలవవు. చైనీస్, జపనీస్ అక్షరాలు రెండేసి గడులు తీసుకుంటాయి, ఎమోజీలు ఇంకో గొడవ. గడుల లెక్క మీద ఆధారపడకుండా ఉండే దారి ఒకటుంది. బాణం వేసినా సరే, తప్పున్న ముక్కను కింది లైనులో కోట్లలో మళ్లీ రాయండి. బాణం పక్కకు జరిగినా మాట తప్పదు. ట్యాబ్ గుర్తులను కూడా లైను చూపించేటప్పుడు నాలుగు ఖాళీలుగా మార్చేయండి. టెర్మినల్ ట్యాబ్ వెడల్పు 8 అనుకుంటే, మీ టూల్ 1 అనుకుంటే బాణం ఎక్కడో పడుతుంది.

ఎడిటర్‌తో మాట్లాడే టూల్ రాస్తుంటే, ఆ మాటలకు వాడే ఒప్పందమైన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్‌లో లైన్లు, కాలమ్‌లు సున్నా నుంచి మొదలవుతాయని గుర్తుంచుకోండి. మనుషులకు చూపేటప్పుడు 1 నుంచి లెక్కపెట్టాలి. అదే ప్రోటోకాల్‌లో కాలమ్ మామూలుగా యూటీఎఫ్-16 లెక్కలో ఉంటుంది. 3.17 వెర్షన్ నుంచి రెండు వైపులా ఒప్పుకుంటే వేరే లెక్క వాడుకోవచ్చు. ఎర్ర గీత ఒక అక్షరం పక్కన పడుతోందని ఫిర్యాదు వస్తే ముందుగా ఈ రెండిటినీ చూడండి. ఈ ప్రోటోకాల్ ఎర్రర్, వార్నింగ్, సమాచారం, సూచన అని నాలుగు స్థాయిలు ఇస్తుంది. నాలుగూ ఉన్నాయి కదా అని అన్నీ నింపకండి. పని ఆపేది ఎర్రర్. ఇప్పుడు నడిచినా రేపు దెబ్బతీసేది వార్నింగ్. మిగతాది మీ అభిరుచి మాత్రమే అయితే అది సూచన, అంతకు మించి గీత గీయకూడదు. బిల్డ్‌కు 300 వార్నింగ్‌లు వచ్చే ప్రాజెక్టులో 301వ దాన్ని ఎవరూ చదవరు, ఆ ఒక్కటే నిజమైనదైనా సరే.

రంగు: మొదట లేకుండా, తర్వాత కొద్దిగా

రంగు వేసే ముందు అవుట్‌పుట్‌ను నలుపు తెలుపుల్లో పూర్తి చేయండి. "ఎర్రర్", "వార్నింగ్" అనే మాటలు, ప్లస్ మైనస్ గుర్తులు, ఖాళీ లైన్లు, లోపలికి జరిపిన అంచులు, వీటితోనే అర్థం పూర్తిగా తెలియాలి. ఆ పైన రంగు వేస్తే కన్ను త్వరగా పట్టుకుంటుంది. రంగు తీసేస్తే అర్థం పోయే చోటు ఒక్కటున్నా అది లోపమే. ఉత్తర యూరప్ మూలాలున్న మగవాళ్లలో దాదాపు 8 శాతం మందికి ఎరుపు ఆకుపచ్చల తేడా సరిగా తెలియదు. పాసైన టెస్టుకు ఆకుపచ్చ చుక్క, ఫెయిలైనదానికి ఎర్ర చుక్క, రెండూ ఒకే సైజు, ఒకే ఆకారం. ఇది వాళ్లకు రెండు ఒకేలాంటి చుక్కలు. టిక్కు, ఇంటూ గుర్తులు పెడితే సమస్యే ఉండదు. సర్వర్ల లాంటివాటిని కోడ్‌తో కట్టే టూల్ టెరాఫామ్, చేయబోయే మార్పుల ప్లాన్ చూపే తీరు దీనికి మంచి నమూనా. కొత్తగా వచ్చేదానికి ప్లస్, పోయేదానికి మైనస్, ఉన్నచోటే మారేదానికి టిల్డా, తీసేసి మళ్లీ కట్టేదానికి మైనస్, ప్లస్ రెండూ. రంగు ఉంటుంది, కానీ రంగు పోయినా గుర్తు మిగులుతుంది.

కాంట్రాస్ట్‌కు, అంటే అక్షరానికీ నేపథ్యానికీ మధ్య వెలుగు తేడాకు లెక్క ఉంది, కంటి అంచనా చాలదు. వెబ్ కంటెంట్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాల ప్రకారం మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1, బటన్ అంచులు, ఐకాన్ల లాంటివాటికి 3:1 ఉండాలి. తెల్ల నేపథ్యం మీద బూడిద రంగు #767676 అయితే 4.54:1 వచ్చి గట్టెక్కుతుంది. ఒక్క మెట్టు లేతగా #777777 అయితే 4.48:1 వచ్చి తప్పుతుంది. కామెంట్లకు చాలా థీమ్‌లు ఇంకా లేత బూడిద రంగు వేస్తాయి. కామెంట్ రాసినవాళ్లు అది చదవాలనే రాశారు. దాన్ని వెనక్కి నెట్టాలంటే ఇటాలిక్ చేయండి లేదా రంగు గాఢత తగ్గించండి, కాంట్రాస్ట్‌ను మాత్రం 4.5 కిందికి దించకండి.

టెర్మినల్‌లో పరిస్థితి ఇంకా చిక్కు, ఎందుకంటే నేపథ్యం ఏ రంగో మీకు తెలియదు. పూర్తి పసుపు తెలుపు మీద 1.07:1, అంటే దాదాపు కనిపించదు. పూర్తి ఆకుపచ్చ తెలుపు మీద 1.37:1. పూర్తి నీలం నలుపు మీద 2.44:1. అందుకే ఫోల్డర్ పేర్లు ముదురు నీలంలో చూపే పాత అలవాటు నల్ల టెర్మినల్‌లో అంత ఇబ్బంది పెడుతుంది. మూల 16 రంగులనే పేర్లతో వాడండి, ఎందుకంటే వాటి అసలు ఛాయను వాడేవాళ్లు తమ థీమ్‌లో దిద్దుకుని ఉంటారు. 24 బిట్ రంగు ఇస్తే ఆ దిద్దుబాటును మీరు తొక్కేసినట్టే. తెలుపు, నలుపు అక్షర రంగులు అసలు వాడకండి, ఎవరో ఒకరి నేపథ్యంలో అవి మాయమవుతాయి. ముఖ్యమైన మాటకు బోల్డ్ చేసి, రంగును డిఫాల్ట్‌కే వదిలేస్తే ఏ థీమ్‌లోనైనా చదవవచ్చు.

రంగు వేయాలా వద్దా అన్న నిర్ణయం ఈ వరసలో జరగాలి. మొదట, వాడేవాళ్లు కలర్ ఫ్లాగ్‌లో "ఎప్పుడూ" లేదా "వద్దు" అని చెప్పారా చూడాలి. చెప్పకపోతే నో_కలర్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఖాళీ కాని విలువతో ఉందా చూడాలి, ఉంటే రంగు వద్దు. 2017 నుంచి ఉన్న ఈ ఒప్పందాన్ని చాలా టూల్స్ పాటిస్తున్నాయి. ఆ తర్వాత టెర్మినల్ రకం "డంబ్" (రంగులు చూపలేనిది) అని ఉందా చూడాలి. చివరగా అవుట్‌పుట్ నిజంగా టెర్మినల్‌కే వెళ్తోందా, ఫైల్‌కో పైప్‌కో వెళ్తోందా చూడాలి. ఈ చివరి తనిఖీ మరిచిపోతే లాగ్ ఫైళ్ల నిండా చదరపు బ్రాకెట్లు, అంకెలు కలిసిన చెత్త చేరుతుంది. స్టాండర్డ్ అవుట్‌పుట్‌కు, స్టాండర్డ్ ఎర్రర్‌కు ఈ తనిఖీ విడివిడిగా చేయాలి. ఒకటి పైప్‌లోకి, ఇంకోటి స్క్రీన్ మీదికి వెళ్లడం రోజూ జరిగేదే.

ఎడిటర్ థీమ్ చేస్తుంటే ఒక పొరపాటు దాదాపు అందరూ చేస్తారు. రంగులను ఖాళీ నేపథ్యం మీదే పరీక్షిస్తారు. అదే అక్షరాలు సెలెక్షన్ మీద, ప్రస్తుత లైను పట్టీ మీద, వెతికిన మాట పసుపు మీద, కోడ్ మార్పులు చూపే డిఫ్‌లోని ఆకుపచ్చ ఎరుపు నేపథ్యాల మీద కూడా కనిపించాలి. స్ట్రింగ్‌లకు ఆకుపచ్చ వేసి, చేర్చిన లైన్లకు ఆకుపచ్చ నేపథ్యం వేస్తే కోడ్ రివ్యూలో కొత్త స్ట్రింగ్‌లే మసకబారుతాయి. ఒక పట్టిక వేసి, అడ్డంగా నేపథ్యాలు, నిలువుగా అక్షర రంగులు రాసుకుని ప్రతి గడిలో నిష్పత్తి నింపండి. ఆరు రంగులు, ఆరు నేపథ్యాలు అయితే 36 గడులు, గంట పని. రంగుల సంఖ్య పెరిగితే గడులు పెరుగుతాయి, చదివేవాళ్ల జ్ఞాపకం పెరగదు. అరడజను రంగులు చాలు. వెబ్ డాష్‌బోర్డు అయితే క్రోమ్ డెవ్‌టూల్స్‌లోని రెండరింగ్ ట్యాబ్‌లో వర్ణాంధత అనుకరణలు ఉన్నాయి, ఒక్కోటి పెట్టి చూడండి. అది లేనిచోట స్క్రీన్‌షాట్‌ను బూడిద రంగులోకి మార్చి చూసినా చాలా లోపాలు బయటపడతాయి.

అక్షరాలు, అంకెలు, పట్టుకునే చోట్లు

ఫాంట్ ఎంచుకునేటప్పుడు అందం కంటే ముందు తేడా చూడండి. సున్నాకూ పెద్ద ఓకూ, ఒకటి అంకెకూ చిన్న ఎల్‌కూ పెద్ద ఐకీ, కామాకూ చుక్కకూ, బ్యాక్‌టిక్‌కూ సింగిల్ కోట్‌కూ తేడా 12 పిక్సెళ్ల సైజులో కూడా తెలియాలి. వీటన్నిటినీ ఒకే లైనులో కలిపి రాసి, చేయి చాచినంత దూరం నుంచి చదివి చూడండి. వీఎస్ కోడ్ డిఫాల్ట్ అక్షరం సైజు విండోస్, లినక్స్‌లలో 14, మ్యాక్‌లో 12. కొత్త టూల్‌కు 13 లేదా 14తో మొదలుపెట్టి లైను ఎత్తు 1.4 నుంచి 1.5 రెట్లు ఇవ్వండి. 200 శాతం జూమ్‌లో ఏదీ తెగిపోకూడదు.

డాష్‌బోర్డుల్లో సంఖ్యలను కుడి అంచుకు సర్దండి, ఒక కాలమ్‌కు ఒకే కొలమానం వాడండి. ఒక వరుసలో 950 మిల్లీసెకన్లు, దాని కింద 1.2 సెకన్లు అని ఉంటే కన్ను 950నే పెద్దదిగా పట్టుకుంటుంది. అంకెలన్నీ ఒకే వెడల్పు ఉండే రూపం ఫాంట్‌లో ఉంటే దాన్ని ఆన్ చేయండి, లేకపోతే సంఖ్య మారినప్పుడల్లా కాలమ్ వణుకుతుంది.

మౌస్‌తో తాకే ప్రతిదానికీ కనీసం 24×24 పిక్సెళ్ల చోటు ఇవ్వండి. 2023లో వచ్చిన యాక్సెసిబిలిటీ మార్గదర్శకాల 2.2 వెర్షన్ అడిగేది కూడా అదే. బ్రేక్‌పాయింట్ పెట్టే అంచు, ట్యాబ్ మూసే ఇంటూ గుర్తు, ప్యానెళ్ల మధ్య గీత, ఈ మూడు చోట్లే ఎక్కువగా తప్పుతారు. ప్యానెళ్ల గీత కంటికి 1 పిక్సెల్ ఉన్నా పట్టుకునే చోటు అంతకంటే వెడల్పుగా ఉండాలి. డీబగ్గర్ బటన్లకు ఐకాన్ ఒక్కటే చాలదు. స్టెప్ ఓవర్, స్టెప్ ఇంటూ, స్టెప్ అవుట్ బాణాలు ఒకదాన్ని పోలి ఒకటి ఉంటాయి. పేరు, కీ రెండూ కనిపించేలా పెట్టండి. కమాండ్ ప్యాలెట్ ఉంటే ప్రతి పని పేరు పక్కన దాని షార్ట్‌కట్ రాయండి. రోజూ ప్యాలెట్‌లో వెతికేవాళ్లు అలా చూస్తూ చూస్తూనే కీలు నేర్చుకుంటారు.

టైప్ చేస్తుండగా పేర్లు సూచించే కంప్లీషన్ జాబితాలో ఒక సూక్ష్మం ఉంది. సర్వర్ నుంచి కొత్త సూచనలు ఆలస్యంగా వచ్చి జాబితా మొదట్లో చేరితే, ఎంటర్ కొట్టే క్షణంలో కిందున్న వరుస మారిపోయి తప్పు పేరు పడుతుంది. ఎంపికైన వరుసను ఒకసారి చూపించాక దాన్ని కదపకండి, కొత్తవాటిని దాని కింద చేర్చండి. వెనక నడుస్తున్న పని ముగిసిందని పాపప్ తెరిచి కీబోర్డ్ ఫోకస్ లాక్కోవడం కూడా ఇదే జాతి తప్పు. కోడ్ రాస్తూ కొట్టిన ఎంటర్ ఆ పాపప్‌లోని "సరే" బటన్ మీద పడుతుంది.

వేచి ఉండే సమయం

వాడుకలో స్థిరపడిన హద్దులు మూడు. 0.1 సెకను లోపు జవాబొస్తే వెంటనే జరిగినట్టే అనిపిస్తుంది. 1 సెకను వరకు ఆలోచన తెగదు. 10 సెకన్లు దాటితే మనసు వేరే పనికి వెళ్లిపోతుంది. దీన్ని అమలు చేసే తీరు ఇది. పని మొదలైన అర సెకను వరకు ఏమీ చూపకండి, చూపితే చిన్న పనులకు కూడా స్క్రీన్ మిణుకుమంటుంది. అది దాటితే తిరిగే గుర్తుతో పాటు ఏం జరుగుతోందో ఒక మాట రాయండి. 10 సెకన్లు పట్టే పనికి లెక్క చూపండి, "214 ఫైళ్లలో 87 అయ్యాయి" లాగా. శాతం కంటే ఈ లెక్క మేలు. 99 శాతం దగ్గర ఆగిపోయే పట్టీ ఎవరినీ నమ్మించదు.

అవుట్‌పుట్ టెర్మినల్‌కు వెళ్లకపోతే తిరిగే గుర్తును పూర్తిగా ఆపేసి, 30 సెకన్లకు ఒక మామూలు లైను రాయండి. బిల్డ్, టెస్టులను తనంతట తాను నడిపే సీఐ సర్వర్ లాగ్‌లో వేల స్పిన్నర్ ముక్కలు చేరితే అసలు ఎర్రర్ దొరకదు. ఏమీ రాయకపోయినా చిక్కే, చాలాసేపు నిశ్శబ్దంగా ఉన్న జాబ్‌ను కొన్ని సర్వర్లు చంపేస్తాయి. ఇంకో సంగతి. స్పిన్నర్ కోసం కర్సర్‌ను దాచిన టూల్, మధ్యలో కంట్రోల్-సి కొడితే దాన్ని తిరిగి చూపించకుండానే చచ్చిపోతుంది. ఆ తర్వాత టెర్మినల్‌లో ఎక్కడ కొడుతున్నారో కనిపించదు. కంట్రోల్-సి వచ్చిన వెంటనే కర్సర్‌ను తిరిగి పెట్టి, సగంలో ఉన్న పని ఏ స్థితిలో ఆగిందో ఒక లైను రాసి, 130 ఎగ్జిట్ కోడ్‌తో బయటపడేలా చేయండి.

వెనక్కి తీసుకోలేని పనులు, సెట్టింగులు

డిలీట్ చేసే, ఓవర్‌రైట్ చేసే ప్రతి కమాండ్‌కూ నిజంగా ఏమీ మార్చకుండా చూపించే డ్రై రన్ ఫ్లాగ్ ఇవ్వండి. ధ్రువీకరణ అడిగేటప్పుడు సంఖ్య, పేరు చెప్పండి. "కొనసాగించాలా?" అన్నదానికి వేళ్లు అలవాటుగా అవునని కొట్టేస్తాయి. "ప్రొడక్షన్‌లోని 3 డేటాబేస్‌లు తుడిచిపెట్టుకుపోతాయి" అంటే చేయి ఆగుతుంది. ఖాళీగా ఎంటర్ కొడితే "కాదు" అనే తీసుకోవాలి. ఏమాత్రం వెనక్కి తీసుకోలేని పనికి మాత్రమే పేరు మళ్లీ టైప్ చేయించండి. అన్నిటికీ అదే పెడితే కాపీ పేస్ట్ అలవాటై రక్షణ పోతుంది. కీబోర్డ్ దగ్గర మనిషి లేని చోట, అంటే స్క్రిప్ట్‌లో నడుస్తున్నప్పుడు, ప్రశ్న వేసి ఎదురు చూడకండి. ఆగిపోయి, ఏ ఫ్లాగ్ ఇస్తే ముందుకెళ్తుందో చెప్పండి.

సెట్టింగుల పేర్లలోనే కొలమానం రాయండి. గిట్‌లో తప్పు కొట్టిన కమాండ్‌ను సరిచేసి నడిపే సెట్టింగు విలువను సెకనులో పదో వంతుల్లో లెక్కించేవారు. ఆన్ చేద్దామని 1 పెట్టినవాళ్లకు ఆలోచించుకోవడానికి దక్కింది 0.1 సెకను. పేరులో "సెకన్లు" అనో "మిల్లీసెకన్లు" అనో ఉంటే ఈ పొరపాటుకు తావే లేదు.

అయిదుగురితో పరీక్ష, ఆ తర్వాత కాపలా

టూల్‌ను ఎప్పుడూ చూడని అయిదుగురు డెవలపర్లను, ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టండి. 1993లో యూజబిలిటీ పరిశోధకులు నీల్సన్, లాండవర్ ఇచ్చిన లెక్క ప్రకారం ఒక్కొక్కరికి సగటున 31 శాతం లోపాలు తగిలితే అయిదుగురికి దాదాపు 85 శాతం బయటపడతాయి. అది సగటు లెక్క కాబట్టి ఫ్రంటెండ్ వాళ్లూ ఆపరేషన్స్ వాళ్లూ వాడే టూల్ అయితే రెండు గుంపుల నుంచీ మనుషుల్ని పిలవండి. మూడు పనులు ఇవ్వండి: మొదటిసారి ఇన్‌స్టాల్ చేసి ఒక ఫలితం తెచ్చుకోవడం, రోజువారీ పని ఒకటి, మీరు ముందే విరగ్గొట్టి పెట్టిన సెట్టింగుల ఫైల్‌ను బాగు చేయడం. మూడోదే అసలు పరీక్ష. మనసులో అనుకునేది పైకి చెబుతూ చేయమనండి. మీరు నోరు మెదపకండి, స్క్రీన్ మీద వేలు పెట్టి చూపకండి. ఎర్రర్ కనిపించినప్పటి నుంచి సరైన ఫైల్ తెరిచేవరకు ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. చదవకుండా ఎన్ని లైన్లు దాటేశారో, మెసేజ్‌ను కాపీ చేసి బయట వెతకడానికి వెళ్లారో లేదో చూడండి. బయటికి వెళ్లారంటే మీ పట్టికలో ఆ వరుసను ఎర్ర గుర్తుతో మళ్లీ తెరవాల్సిందే.

బాగుచేసిన మెసేజ్‌లు ఆరు నెలల్లో మళ్లీ పాడవుతాయి, ఎవరో లోపలి ఫంక్షన్ మారుస్తారు, వాక్యం తెగిపోతుంది. దీనికి రస్ట్ కంపైలర్ వాళ్లు చేసేది అనుసరించండి. ప్రతి ఎర్రర్‌కూ తప్పు ఇన్‌పుట్ ఫైల్ ఒకటి, దానికి రావాల్సిన స్టాండర్డ్ ఎర్రర్ అవుట్‌పుట్ ఇంకో ఫైల్‌లో, రెండూ కోడ్‌తో పాటే రిపాజిటరీలో ఉంటాయి. అవుట్‌పుట్‌లో ఒక్క అక్షరం మారినా టెస్ట్ ఫెయిలవుతుంది, ఆ మార్పు డిఫ్‌లో రివ్యూ చేసేవాళ్ల కంట పడుతుంది. పరీక్షలో అయిదుగురూ తడబడిన ఎర్రర్ల నుంచే ఈ ఫైళ్లు రాయడం మొదలుపెట్టండి. తప్పు ఇన్‌పుట్‌లలో ఒకదాంట్లో "క్షి" కూడా పెట్టండి.